మగ్గం ముందు నడుము, బెంచీ మీద నడుము: పిలాటిస్ నేర్పే పాఠం



“అమ్మా, నడుము నొప్పి” అని హోంవర్క్ మధ్యలో మీ అబ్బాయో అమ్మాయో అంటే, చదువు ఎగ్గొట్టడానికి సాకు అనుకుని కసురుకుంటున్నారా? ఈసారి ఒక్క నిమిషం ఆగి, మీ బిడ్డ ఎలా కూర్చున్నాడో చూడండి.

ఉప్పాడలో ఉన్నవారికి ఇది కొత్త విషయం కాదు. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన మన జాందానీ చీర గుంట మగ్గం మీదే పుడుతుంది. నేతగాళ్ళు గుంటలోకి కాళ్ళు దించి, కింది చెక్కలు తొక్కుతూ, ముందుకు వంగి, చిన్న చిన్న కండెలతో పోగు పోగు లెక్కపెట్టి బుటాలు వేస్తారు. ఒక్క చీరకు వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అన్నాళ్ళూ నడుముకు ఆనుకునే ఆసరా ఉండదు. స్కూలు, ట్యూషను, ఆపైన ఫోను పేరుతో మన పిల్లలు వంగి కూర్చునే గంటలు కూడా తక్కువేమీ కావు.

పిలాటిస్ ఎక్కడ పుట్టింది?

పిలాటిస్ ఒక మనిషి ఇంటిపేరు. జోసెఫ్ పిలాటిస్ 1883లో జర్మనీలోని మోన్‌షెన్‌గ్లాడ్‌బాఖ్‌లో పుట్టాడు. చిన్నప్పుడు ఉబ్బసం, రికెట్స్ వంటి జబ్బులతో బాధపడిన పిల్లవాడు. ఆ బలహీనతను జయించాలనే పట్టుదలతో జిమ్నాస్టిక్స్, బాక్సింగ్ వంటివి నేర్చుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండ్‌లో ఉన్న జర్మన్ కావడంతో అతన్ని నిర్బంధించి, ఐల్ ఆఫ్ మాన్ దీవిలోని శిబిరంలో ఉంచారు. అక్కడ తోటి ఖైదీలకు వ్యాయామం నేర్పాడనీ, మంచం పట్టినవారి కోసం మంచాలకు స్ప్రింగులు కట్టాడనీ చెబుతారు. 1926లో న్యూయార్క్ చేరి, భార్య క్లారాతో కలిసి శిక్షణశాల నడిపాడు. గాయపడిన నృత్య కళాకారులు ఎందరో అక్కడికి వచ్చేవారు. తన పద్ధతికి ఆయన పెట్టిన పేరు ‘కంట్రాలజీ’, అంటే శరీరాన్ని మనసు అదుపులో ఉంచే విద్య. 1967లో ఆయన మరణించాక ఆ విద్యకు ఆయన పేరే స్థిరపడింది.

దీనివల్ల మేలు ఏమిటి?

తీరం నుంచి వల లాగేవారిని మీ పిల్లలకు చూపించండి. లాగేది చేతులే అయినా, బలమంతా పొట్ట, నడుము, తుంటి నుంచి వస్తుంది. పిలాటిస్ ముఖ్యంగా బలపరిచేది ఈ మధ్యభాగపు కండరాలనే. ఎన్నిసార్లు చేశామన్న లెక్క కన్నా, ఊపిరితో కలిపి నెమ్మదిగా, సరిగ్గా చేయడమే ఇందులో ముఖ్యం.

దీర్ఘకాలపు నడుము నొప్పి మీద జరిగిన పరిశోధనలను 2015లో కాక్రేన్ సంస్థ సమీక్షించింది. ఏ వ్యాయామమూ చేయనివారితో పోలిస్తే పిలాటిస్ చేసినవారికి నొప్పి తగ్గినట్టు కనిపించింది. అయితే మిగతా వ్యాయామాలకన్నా ఇది గొప్పదని తేలలేదు. కాబట్టి మీ ఇంట్లో యోగా, ఈత, నడక అలవాటు ఉంటే మానుకోనక్కరలేదు.

ఇంట్లో పది నిమిషాలు

చాప ఒకటి చాలు. మీరూ పిల్లలూ కలిసి చేయండి.

1. శ్వాస: వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడవండి. పక్కటెముకలు విచ్చుకునేలా ముక్కుతో గాలి పీల్చండి. వదిలేటప్పుడు బొడ్డును మెల్లగా లోపలికి లాగండి. 8 సార్లు.

2. వంతెన: అదే భంగిమలో ఊపిరి వదులుతూ తుంటిని పైకి ఎత్తండి. భుజాల నుంచి మోకాళ్ళ దాకా ఒకే వాలు రావాలి. నెమ్మదిగా దించండి. 8 సార్లు.

3. చేయి, కాలు: మోకాళ్ళు, అరచేతుల మీద నిలబడి కుడిచేయి ముందుకు, ఎడమకాలు వెనక్కి చాపండి. నడుము ఊగకూడదు. తర్వాత రెండోవైపు. చెరి 6 సార్లు.

జాగ్రత్తలు

చేస్తుండగా నొప్పి పెరిగితే వెంటనే ఆపండి. నొప్పి కాలిలోకి పాకినా, తిమ్మిరి ఉన్నా, జ్వరంతో కలిసి వచ్చినా, రాత్రి నిద్ర లేపుతున్నా వ్యాయామం మొదలుపెట్టకుండా డాక్టరుకు చూపించండి. గర్భిణులు, ఆపరేషన్ అయినవారు ముందే సలహా తీసుకోవాలి.

ఈ పది నిమిషాలు ఆటకు బదులు కాదు. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన కదలిక అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పరీక్షల నెలలో కూడా సాయంత్రం ఆటను కోయకండి. చదివేటప్పుడు అరగంటకోసారి లేచి నాలుగు అడుగులు వేయనివ్వండి.

మగ్గం మీద కూర్చునే తల్లిదండ్రులకు కూడా మా విన్నపం ఇదే. బిడ్డ చదువు కోసం మీరు వంచిన నడుముకు రోజూ ఓ పది నిమిషాలు ఇవ్వండి. మీరు చాప పరిస్తే, పిల్లలు పక్కన వచ్చి పడుకుంటారు.