పంట లేని చేలో పనేమిటి?

మే నెలలో బద్వేలు చుట్టుపక్కల పల్లెల్లో మెట్ట చేలను చూడండి. ఎక్కడా పచ్చని ఆకు కనిపించదు. నేల నెర్రెలు విచ్చి ఉంటుంది. వేసవి సెలవుల్లో బడికి తాళం పడినట్లే చేనుకూ తాళం పడిందని అనిపిస్తుంది. కాని రైతు ఇంట్లో ఎవరికీ తీరిక ఉండదు. ఒకరు దుక్కి దున్నుతుంటారు. ఒకరు చెరువు మట్టి తోలుతుంటారు. దిబ్బలోని ఎరువు చేను చేరుతూ ఉంటుంది. ఇంటి వసారాలో అవ్వ చుట్టూ పిల్లలు కూర్చుని శనక్కాయలు వలుస్తుంటారు.

పైరే లేనప్పుడు ఇంత పని దేనికి? ఈ పనులు వేరువేరుగా కనిపించినా చాలావరకు వాటి ఉద్దేశం ఒక్కటే. జూన్‌లో రాబోయే వానను చేలోనే నిలుపుకోవడం. అది ఎలా సాధ్యమో ఒక్కొక్క పనినీ తీసుకుని చూద్దాం.

ఒక వాన, లక్ష లీటర్లు

బద్వేలు కడప జిల్లాలో సగిలేరు లోయలో ఉంది. పడమర లంకమల కొండలు, తూర్పున వెలికొండలు ఉన్నాయి. నైరుతి ఋతుపవనాలు అరేబియా సముద్రం నుంచి మోసుకొచ్చే తేమలో చాలా భాగం పడమటి కనుమల మీదనే కురిసిపోతుంది. కనుమలకు ఇవతల ఉన్న రాయలసీమకు మిగిలేది తక్కువ. అందుకే దీనిని వర్షచ్ఛాయా ప్రాంతం అంటారు. కడప జిల్లాలో ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 700 మిల్లీమీటర్లు. అది కూడా సమంగా కురవదు. ఒకరోజు కుండపోత, తరువాత మూడు వారాలు ఎండ!

ఇప్పుడొక లెక్క చేద్దాం. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరు మీద 1 మి.మీ. వాన పడితే అది సరిగ్గా 1 లీటరు నీరు. కాబట్టి ఎకరం చేలో 1 మి.మీ. వానకు 4,047 లీటర్లు పడతాయి. 25 మి.మీ. వాన కురిస్తే 1,01,175 లీటర్లు! 15 లీటర్ల బిందెతో మోస్తే 6,700 బిందెలకు పైమాటే.

ఆకాశం ఒక్క పూటలో ఇన్ని బిందెలు తెచ్చి పోస్తుంది. అందులో ఎన్ని బిందెలు నేలలోకి ఇంకుతాయి? ఎన్ని వాగులో కలిసి సగిలేటికి పోతాయి? పైరు బతకడం, ఎండడం చాలావరకు ఈ ప్రశ్న మీదనే ఆధారపడి ఉంటుంది. దానికి జవాబు వేసవిలోనే సిద్ధం కావాలి.

దుక్కి

మన ప్రాంతపు ఎర్రనేలల మీద వాన చినుకులు బలంగా పడినప్పుడు మట్టిలోని సన్నని రేణువులు చెదిరి, నేలలోని సందులను పూడ్చేస్తాయి. ఎండ తగలగానే అది పెంకులాగా గట్టిపడుతుంది. మళ్ళీ వాన పడితే నీరు ఆ పెంకు మీదుగా జారిపోతుంది. వేసవి జల్లులకు నేల కాస్త పదునెక్కగానే రైతు మడక కట్టి ఆ పెంకును పగులగొడతాడు. ఇప్పుడు చాలామంది ఆ పని ట్రాక్టరుతో చేస్తున్నారు. ఏదైనా సరే, వాలుకు అడ్డంగా దున్నాలి. అప్పుడు ప్రతి చాలూ ఒక చిన్న గట్టులాగా నీటిని ఆపుతుంది. వాలు వెంబడి దున్నితే ప్రతి చాలూ ఒక కాలువై మట్టిని కూడా తీసుకుపోతుంది.

దుక్కి వల్ల మరో లాభం ఉంది. కిరసనాయిలు దీపంలో వత్తి నూనెను పైకి ఎలా లాగుతుందో మీకు తెలుసు. నేలలోని సన్నని సందులు కూడా అలాగే లోపలి తేమను పైకి లాగుతాయి. పైకి వచ్చిన తేమ ఎండకు ఆవిరైపోతుంది. దున్నినప్పుడు పై పొర గుల్లబారి, ఆ సందులు మధ్యలో తెగిపోతాయి. వత్తిని మధ్యలో కత్తిరించినట్లే! అప్పుడు కింది తేమ కిందనే ఎక్కువ కాలం నిలుస్తుంది.

మడక వెంట కొంగలు, గోరింకలు ఎందుకు నడుస్తాయో గమనించారా? వేరుశనగను తినే ఎర్ర గొంగళి పురుగు వేసవి అంతా ప్యూపా దశలో మట్టిలో దాగి ఉంటుంది. మంచి వాన పడగానే రెక్కల పురుగులై బయటకు వచ్చి గుడ్లు పెడతాయి. దుక్కిలో ఆ ప్యూపాలు పైకి తేలతాయి. కొన్నిటిని పక్షులు తింటాయి, కొన్నిటిని ఎండ చంపుతుంది. గరిక, తుంగ వేళ్ళు కూడా అలాగే ఎండిపోతాయి. కలుపు తగ్గితే అది తాగే నీరు పైరుకు మిగులుతుంది.

అయితే మట్టిని పొడి పొడిగా చేయకూడదు. అలా చేస్తే గాలికి లేచిపోతుంది. వేసవి దుక్కిలో పెళ్ళలు ఉండడమే మంచిది.

చెరువు మట్టి

వేసవిలో చెరువులు ఎండుతాయి. అడుగున నల్లగా, మెత్తగా ఒండు కనిపిస్తుంది. అది ఎక్కడి నుంచి వచ్చింది? పైనున్న చేల నుంచే! వాన నీరు చేల మీదుగా పారుతూ సన్నని మట్టినీ, కుళ్ళిన ఆకునూ, ఎరువునూ మోసుకొచ్చి చెరువులో దించుతుంది. కాబట్టి చెరువు మట్టిని చేనుకు తోలడమంటే చేను పోగొట్టుకున్నదాన్ని దానికి తిరిగి ఇవ్వడమే.

సన్నని మట్టికి అంత విలువ ఎందుకో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. ఒక సెంటీమీటరు ఘనానికి ఆరు ముఖాలు. దాని ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్ని మిల్లీమీటరు ఘనాలుగా కోస్తే 1,000 ముక్కలు వస్తాయి. వాటి ఉపరితలం మొత్తం 60 చదరపు సెంటీమీటర్లు. ముక్క పదో వంతు చిన్నదైతే ఉపరితలం పదింతలు పెరిగింది! నేలలో నీరు రేణువుల ఉపరితలానికి అంటుకుని, వాటి మధ్య సందుల్లో నిలుస్తుంది. బంకమట్టి రేణువు ఒక మిల్లీమీటరులో 500వ వంతు కంటే కూడా చిన్నది. అందుకే ఒక మీటరు లోతు ఇసుక నేల పైరుకు అందించగల నీరు 100 మి.మీ. లోపే ఉంటే, ఇసుకా బంకా కలిసిన గరప నేల 100 నుంచి 175 మి.మీ. వరకు దాచి ఇవ్వగలదు.

ఎకరంలో ఒక సెంటీమీటరు మందాన ఒండు పరచాలంటే సుమారు 40 ఘనపు మీటర్ల మట్టి కావాలి. ట్రాక్టరు ట్రక్కుకు 3 ఘనపు మీటర్లు పడుతుందనుకుంటే 13, 14 ట్రక్కులు. ఇప్పుడు చెరువు వైపు చూడండి. అక్కడ 40 ఘనపు మీటర్ల గుంత ఏర్పడింది. అందులో 40,000 లీటర్ల నీరు అదనంగా నిలుస్తుంది. ఒకే పనితో చేలోనూ, చెరువులోనూ నీటికి చోటు దొరికిందన్నమాట.

కాని మట్టి తీయడంలో జాగ్రత్తలు ఉన్నాయి. కట్టకు దగ్గరగా తవ్వితే కట్ట బలహీనపడుతుంది. ఒకేచోట లోతుగా గోతులు తీస్తే మనుషులకూ పశువులకూ ప్రమాదం. ఉప్పు తేలిన మట్టి చేనుకు హాని చేస్తుంది. చేలో ఇప్పటికే బంకపాలు ఎక్కువగా ఉంటే ఒండు అక్కరలేదు. మట్టి పరీక్ష చేయించి తోలడం మంచిది.

650 ఏళ్ళనాటి పాఠం

చెరువుల గురించి ఇంత ఆలోచన కొత్తదేమీ కాదు. బద్వేలుకు ఉత్తరాన పోరుమామిళ్ళలో ఒక పెద్ద చెరువు ఉంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు దీనిని కట్టించాడు. దీనికి అనంతరాజసాగరం అని పేరు. క్రీ.శ. 1369 నాటి సంస్కృత శాసనం ఒకటి దీని కథ చెబుతుంది. రోజుకు వెయ్యిమంది మనుషులు, రాళ్ళు తోలడానికి వంద బండ్లు, మొత్తం రెండేళ్ళ పని!

ఆ శాసనంలో ఇంకా గొప్ప విషయం ఉంది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, చెరువుకు రాకూడని ఆరు దోషాలను అది వరుసగా చెబుతుంది. జలశాస్త్రం తెలిసినవాడు, గట్టి నేల, కొండల మధ్య రాతికట్ట, లోతైన విశాలమైన గర్భం, పని తెలిసిన మనుషులు, ఇవి అంగాల్లో కొన్ని. కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, చెరువు నడుమ మెరక ఉండడం, ఇవి దోషాల్లో కొన్ని. ఈనాటి ఇంజనీరు కూడా వీటిని కాదనడు. ఆ చెరువు నేటికీ ఉంది.

దిబ్బ, మంద

ఏడాది పొడుగునా పేడ, చెత్త, పశువులు తినగా మిగిలిన కసువు దిబ్బలో పడి కుళ్ళుతాయి. కుళ్ళడం అంటే పాడవడం కాదు. కోట్లాది సూక్ష్మజీవులు ఆ పదార్థాన్ని విడగొట్టి నల్లని హ్యూమస్‌గా మార్చడం. హ్యూమస్ మట్టి రేణువులను జిగురులా కలిపి గుల్లగా చేస్తుంది. గుల్ల మట్టిలో నీరు త్వరగా ఇంకుతుంది, ఎక్కువసేపు నిలుస్తుంది.

పశువుల ఎరువులో నత్రజని సుమారు అర శాతం. ఎకరానికి 4 టన్నులు వేస్తే 20 కిలోల నత్రజని. ఇది ఇంచుమించు 45 కిలోల యూరియా బస్తాలో ఉన్నంత. అయితే యూరియా త్వరగా కరిగిపోతుంది, ఎరువు నెమ్మదిగా అందిస్తుంది. పైగా యూరియా మట్టిని గుల్లబరచదు. దిబ్బ నుంచి ఘాటైన వాసన వస్తోందంటే నత్రజని అమ్మోనియా రూపంలో గాలిలోకి పోతోందని గుర్తు. దిబ్బ మీద మట్టి కప్పితే ఆ నష్టం తగ్గుతుంది. అలాగే చేనుకు తోలిన ఎరువును కుప్పలుగా ఎండలో వదిలేయకుండా వెంటనే దుక్కిలో కలపాలి.

వేసవిలో గొర్రెల కాపరులను పిలిచి రాత్రిళ్ళు చేలో మంద పెట్టించడం మరో పద్ధతి. గొర్రెల పెంటికలతో పాటు మూత్రం కూడా నేరుగా నేలకు చేరుతుంది. మోత ఖర్చు లేదు!

విత్తనం

విత్తనపు శనక్కాయలను పొట్టుతోనే దాచి, విత్తే ముందు మాత్రమే వలుస్తారు. ఎందుకంటే గింజ మీది పలుచని ఎర్రపొర దానికి రక్షణ కవచం. ఆ పొర చిట్లితే మట్టిలోని బూజు గింజలోకి చొరబడుతుంది. చేతితో వలిస్తే పొర చిట్లడం తక్కువ. ఎకరానికి 60 నుంచి 80 కిలోల గింజలు కావాలి గనుక ఇది ఇంటిల్లిపాదీ చేసే పని. ముడుచుకుపోయినవి, బూజు పట్టినవి ఏరివేయాలి. బూజు పట్టిన కాయలను తినకూడదు. కొన్ని బూజులు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి.

మంచి గింజ తొలకరి పదును ఆరిపోకముందే మొలిచి వేరును లోతుకు దింపుతుంది. బలహీనమైన గింజ ఆలస్యంగా మొలుస్తుంది. అప్పటికి పై మట్టి ఆరిపోతుంది. కష్టపడి నిలుపుకున్న నీరు దానికి అందదు.

ఒంట్లోని నీరు

ఈ పనులన్నీ తెల్లవారుజామున మొదలై ఎండ ముదరకముందే ఆగుతాయి. మళ్ళీ పొద్దు వాలాకే. ఒక గ్రాము చెమట ఆవిరైతే సుమారు 580 కేలరీల వేడిని ఒంటి నుంచి తీసుకుపోతుంది. చెమటతో పాటు ఉప్పు కూడా పోతుంది. ఉప్పు కలిపిన మజ్జిగ, అంబలి ఆ రెండు లోట్లనూ తీరుస్తాయి. తల తిరిగినా, వాంతి వచ్చినా వెంటనే పని మాని నీడకు చేరి, పెద్దలకు చెప్పాలి.

మారిన రోజులు

ఒకప్పుడు రైతు ఇంట కాడి ఎద్దులు ఉండడం మామూలు. ఇప్పుడు ఎద్దులు తగ్గాయి, వాటితో పాటు దిబ్బలూ తగ్గాయి. బోర్లు వచ్చాక చెరువు పూడిక సంగతి చాలా ఊళ్ళు పట్టించుకోలేదు. కాని బోరులోని నీరు కూడా ఎప్పుడో నేలలోకి ఇంకిన వాన నీరే. ఇంకేది తగ్గి, తోడేది పెరిగితే బోరు ఎండక తప్పదు. 2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ, ఆంధ్రప్రదేశ్‌లో నీరు-చెట్టు కార్యక్రమాల కింద చెరువుల పూడిక తీసి, ఆ మట్టిని రైతుల పొలాలకు తోలుకోనిచ్చారు. పాత వేసవి పనినే యంత్రాలతో మళ్ళీ మొదలుపెట్టారన్నమాట.

చేసి చూడండి

1. రెండు ప్లాస్టిక్ సీసాల అడుగులు పెద్దలచేత కోయించి, మూతుల స్థానంలో గుడ్డ కట్టి తలకిందులుగా నిలపండి. ఒకదానిలో ఇసుక, రెండోదానిలో అంతే కొలత ఇసుకా చెరువు మట్టీ కలిపి పోయండి. రెండింటిలోనూ 200 మిల్లీలీటర్ల చొప్పున నీళ్ళు పోయండి. గంట తరువాత ఏ సీసా నుంచి ఎంత నీరు కారిందో కొలవండి. మిగిలింది మట్టి దాచుకున్న నీరు.

2. 100 శనగ గింజలను తడి గోనెపట్టాలో వరుసగా పేర్చి చుట్టి, తడి ఆరకుండా చూడండి. వారం పది రోజుల తరువాత మొలిచినవి లెక్కించండి. వేరుశనగ ధ్రువీకరణ విత్తనంలో కనీసం 70 మొలవాలి. మీ ఇంటి విత్తనం సంగతేమిటి?

3. అడుగూ మూతీ ఒకే వెడల్పున్న డబ్బాను ఆరుబయట ఉంచండి. వాన వెలియగానే స్కేలుతో నీటి లోతు కొలవండి. మీ చేలో ఎన్ని లీటర్లు పడ్డాయో లెక్కకట్టి ఇంట్లో పెద్దలకు చెప్పండి. తరువాత చేను దగ్గరకు వెళ్ళి, వాటిలో ఎంత నిలిచిందో, ఎంత పారిపోయిందో వారితో కలిసి చూసి రండి.