ఫోన్ చెప్పే కిలోమీటరు ఎంత నిజం?

అవగాహన - సైన్స్ అండ్ టెక్నాలజీ

కానిస్టేబుల్, ఎస్సై ఉద్యోగాలకు సిద్ధమయ్యేవాళ్లు తెల్లవారకముందే గ్రౌండ్‌కు చేరతారు. ఫోన్‌లో ఫిట్‌నెస్ యాప్ నొక్కి పరుగు మొదలుపెడతారు, ఆగగానే దూరం, సమయం చూసుకుంటారు. ఇంటికొచ్చాక అదే అభ్యర్థి పుస్తకం తెరిచి నావిక్‌లో ఎన్ని ఉపగ్రహాలు, యాక్సెలరోమీటర్ దేన్ని కొలుస్తుంది అని బట్టీ పడతాడు. పొద్దున జేబులో పెట్టుకుని పరిగెత్తింది ఆ పాఠాన్నే అన్న సంగతి చాలామందికి తట్టదు.

అందుకే ఈ పాఠాన్ని ఫోన్ కొనే సందర్భం నుంచి చదువుదాం. దుకాణంలో కెమెరా గురించీ ర్యామ్ గురించీ ఎంతసేపైనా చెబుతారు. పరుగు లెక్కకు వాటితో పెద్దగా పనిలేదు. ఆ ఫోన్ ఏ ఉపగ్రహాల సంకేతాలను ఏ పౌనఃపున్యాల్లో అందుకుంటుంది, లోపల ఏ సెన్సర్లు ఉన్నాయి అన్న రెండు ప్రశ్నలే ముఖ్యం.

ఉపగ్రహాలు నాలుగు ఎందుకు?

ఫోన్ ఉపగ్రహానికి ఏమీ పంపదు, వింటుంది అంతే. అమెరికాకు చెందిన జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కి.మీ. ఎత్తున ఆరు కక్ష్యాతలాల్లో తిరుగుతూ, తామెక్కడున్నదీ సంకేతం ఎప్పుడు బయలుదేరిందీ ప్రసారం చేస్తుంటాయి. నెత్తిమీదున్న ఉపగ్రహం నుంచి సంకేతం మన ఫోన్‌ను చేరడానికి సెకనులో పదిహేనో వంతు పడుతుంది. ఈ ప్రయాణకాలాన్ని కాంతివేగంతో గుణిస్తే దూరం వస్తుంది.

మూడు దూరాలు తెలిస్తే స్థానం తేలాలి కదా, నాలుగో ఉపగ్రహం దేనికి? అభ్యర్థులు తడబడేది ఇక్కడే. ఉపగ్రహంలో పరమాణు గడియారం ఉంటుంది. ఫోన్‌లో ఉండేది మామూలు క్వార్ట్జ్ గడియారం. అది ఒక్క మైక్రోసెకను తప్పితే దూరం 300 మీటర్లు తప్పుతుంది. కాబట్టి అక్షాంశం, రేఖాంశం, ఎత్తుతో పాటు ఫోన్ గడియారంలోని తేడాను కూడా కనుక్కోవాలి. తెలియని రాశులు నాలుగు, కావలసిన సమీకరణాలూ నాలుగు. ఈ పద్ధతి ట్రైలేటరేషన్. కోణాలతో లెక్కగట్టే ట్రయాంగ్యులేషన్ వేరు, ఆప్షన్లలో రెండూ పక్కపక్కనే ఇస్తారు.

సాపేక్షతా సిద్ధాంతం నుంచి అడిగితే గుర్తుంచుకోవలసిన అంకె 38. గురుత్వం తక్కువగా ఉన్నందువల్ల ఉపగ్రహ గడియారం రోజుకు దాదాపు 45 మైక్రోసెకన్లు ముందుకు పోతుంది. వేగం వల్ల 7 వెనకబడుతుంది. మిగిలిన 38ని సవరించకపోతే మ్యాపులు ఒక్క రోజుకే పనికిరాకుండా పోతాయి.

మొబైల్ డేటా లేకపోతే జీపీఎస్ పనిచేయదన్నది అపోహ. నెట్‌వర్క్ ఉంటే ఉపగ్రహాలు ఎక్కడున్నాయన్న సమాచారం ముందుగా అంది, స్థానం త్వరగా దొరుకుతుంది. దీన్నే ఏ-జీపీఎస్ అంటారు. నెట్ లేకుంటే కాస్త ఆలస్యమవుతుంది, అంతే.

ఎల్1, ఎల్5: డబ్బు పెట్టాల్సింది ఇక్కడ

నా దృష్టిలో ఫోన్ ఎంపికను తేల్చవలసింది ఈ అంశమే. జీపీఎస్ పాత పౌర సంకేతం ఎల్1, దాని పౌనఃపున్యం 1575.42 మెగాహెర్ట్జ్. కొత్తది ఎల్5, 1176.45 మెగాహెర్ట్జ్. ఎత్తయిన భవనాల మధ్య పరిగెత్తేటప్పుడు సంకేతం నేరుగా కొంత, గోడలకు తగిలి కొంత వస్తుంది. తిరిగొచ్చినది ఎక్కువ దూరం ప్రయాణించి ఉంటుంది కాబట్టి ఫోన్ మోసపోతుంది. మ్యాపు మీద మన పరుగు గీత భవనాల్లోంచి దూసుకుపోయినట్టు కనిపించేది ఇందుకే. దీన్ని బహుపథ దోషం అంటారు.

ఎల్1 పౌర సంకేతంలో ఒక్కో చిప్ (సంకేత కోడ్‌లోని ఒక్కో ముక్క) పొడవు సుమారు 293 మీటర్లు, ఎల్5లో దాదాపు 29 మీటర్లు. కొలబద్ద మీద గీతలు పది రెట్లు దగ్గరగా ఉన్నట్టన్నమాట. నేరుగా వచ్చినదాన్నీ, గోడకు తగిలి వచ్చినదాన్నీ ఎల్5లో వేరుచేయడం తేలిక. పైగా రెండు పౌనఃపున్యాలూ అందితే అయనోవరణం వల్ల కలిగే ఆలస్యాన్ని పోల్చి తీసివేయవచ్చు. ఈ సౌకర్యం స్మార్ట్‌ఫోన్‌లోకి మొదట వచ్చింది 2018లో, షావోమి ఎంఐ 8తో. నేటికీ చవక ఫోన్లు చాలావాటిలో ఎల్1 మాత్రమే ఉంటుంది. వివరాల పట్టీలో ‘డ్యుయల్ ఫ్రీక్వెన్సీ’ అనో ‘ఎల్1 ప్లస్ ఎల్5’ అనో రాసి ఉందేమో చూడండి. ఆండ్రాయిడ్‌లో జీపీఎస్‌టెస్ట్ అనే ఉచిత యాప్ వేసుకుని ఆరుబయట నిలబడితే ఏ దేశపు ఉపగ్రహం ఏ పౌనఃపున్యంలో అందుతోందో వరుసగా కనిపిస్తుంది. ఒక్క పూట ఆ తెర చూస్తే రష్యా గ్లోనాస్, ఐరోపా గెలీలియో, చైనా బెయ్‌డూ, జపాన్ క్యూజెడ్ఎస్ఎస్ పేర్లు మళ్లీ చదవక్కర్లేదు.

నావిక్: శ్రీహరికోట నుంచి జేబులోకి

మన నావిక్ ప్రపంచమంతటికీ కాదు, ప్రాంతీయ వ్యవస్థ. భారతదేశం, సరిహద్దుల నుంచి 1,500 కి.మీ. వరకు దాని పరిధి. ఏడు ఉపగ్రహాల రూపకల్పనలో మూడు భూస్థిర కక్ష్యలో, నాలుగు వాలుగా ఉండే భూసమకాలిక కక్ష్యల్లో. తొలి ఉపగ్రహం ఐఆర్ఎన్ఎస్ఎస్-1ఏ 2013 జులై 1న, ఏడోదైన 1జీ 2016 ఏప్రిల్ 28న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ మీద వెళ్లాయి. నావిక్ అన్న పేరు 2016లోనే వచ్చింది.

తొలితరం నావిక్ ఉపగ్రహాలు ఎల్5, ఎస్ బ్యాండ్లలోనే ప్రసారం చేశాయి. ఎల్1 మాత్రమే వినే ఫోన్‌కు వాటి మాట వినపడదు. మన ఆకాశంలో మన ఉపగ్రహాలే ఉన్నా ఏళ్ల తరబడి మన ఫోన్లకు అందకపోవడానికి ఇదొక పెద్ద కారణం. 2020 జనవరిలో క్వాల్‌కామ్ నావిక్‌ను అందుకునే స్నాప్‌డ్రాగన్ 720జీ, 662, 460 చిప్‌లను ప్రకటించింది. ఐఫోన్లలో 2023 నాటి 15 ప్రోతో ఈ సౌకర్యం మొదలైంది. అదే ఏడాది మే 29న జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్12 మోసుకెళ్లిన ఎన్‌వీఎస్-01 రెండు మార్పులు తెచ్చింది. ఒకటి ఎల్1 సంకేతం, రెండోది స్వదేశీ రుబీడియం పరమాణు గడియారం. తర్వాతి ఎన్‌వీఎస్-02 ప్రయోగం 2025 జనవరి 29న జరిగింది. శ్రీహరికోట నుంచి అది నూరో ప్రయోగం. రాకెట్ తన పని చేసింది కానీ ఉపగ్రహం అనుకున్న కక్ష్యకు చేరలేకపోయింది. ఈ రెండు ముక్కలనూ విడదీసి ప్రశ్న అడగవచ్చు, జాగ్రత్త.

నావిక్ ఉందన్న ఒక్క మాట చూసి ఫోన్ కొనమని చెప్పను. ఎల్5 రిసీవర్ ఉందా అన్నది ముందు ప్రశ్న. అది ఉన్నచోట నావిక్ తోడైతే మనకు ఉపగ్రహాలు పెరుగుతాయి.

అడుగులు లెక్కించేది ఎవరు?

ఉపగ్రహాలు మన అడుగులను లెక్కించవు. ఆ పని యాక్సెలరోమీటర్‌ది. సిలికాన్‌లో చెక్కిన అతిచిన్న బరువు కదిలినప్పుడు పలకల మధ్య కెపాసిటెన్స్ మారుతుంది, ఆ మార్పు నుంచి త్వరణం తెలుస్తుంది. బల్లమీద కదలకుండా ఉన్న ఫోన్‌లో ఇది సున్నా చూపదు, 9.8 చూపుతుంది. ఎందుకో మీరే ఆలోచించి రాసుకోండి, మంచి ప్రశ్న. కోణీయ వేగాన్ని కొలిచేది గైరోస్కోప్. దిక్కు చెప్పేది మాగ్నెటోమీటర్. తక్కువ ధర ఫోన్లలో అసలైన గైరోస్కోప్ లేకపోవడం మామూలే, అడిగి తెలుసుకోండి.

రోజుకు 10,000 అడుగులన్న లక్ష్యం వైద్యపరిశోధనలో పుట్టలేదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ‘మాన్పో-కేయ్’ అనే అడుగుల మీటరు పేరుకు అర్థమే పదివేల అడుగుల మీటరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు అడుగుల్లో కాక నిమిషాల్లో మాట్లాడతాయి. పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం లేదా 75 నుంచి 150 నిమిషాల తీవ్ర వ్యాయామం అని.

ఎత్తు విషయంలో ఉపగ్రహాలకన్నా బారోమీటర్‌దే పైచేయి. సముద్రమట్టం దగ్గర ప్రతి 8 మీటర్ల ఎత్తుకు గాలి పీడనం సుమారు ఒక హెక్టోపాస్కల్ తగ్గుతుంది. అలిపిరి మెట్లదారిలో తిరుమల ఎక్కుతున్నారనుకోండి. పైన కప్పు ఉన్నచోట ఉపగ్రహ సంకేతం బలహీనపడుతుంది, పీడనం తగ్గుదల మాత్రం తెలుస్తూనే ఉంటుంది. కొండలు ఎక్కే అలవాటు లేనివాళ్లు బారోమీటర్ కోసం అదనంగా ఖర్చుపెట్టనక్కర్లేదు.

గుండె వేగాన్ని ఫోన్‌తో కాక ఛాతీ పట్టీతోనో గడియారంతోనో కొలవడమే మేలు. గడియారం ఆకుపచ్చ కాంతిని చర్మంలోకి పంపి రక్తం ఎంత పీల్చుకుందో చూస్తుంది. ఫోన్‌కు కావలసింది బ్లూటూత్ లో ఎనర్జీ, అది నేటి ఫోన్లన్నింటిలో ఉంది.

గీత మధ్యలో తెగిపోతే

అరగంట పరిగెత్తాక చూస్తే యాప్ పదో నిమిషంలోనే ఆగిపోయి ఉంటుంది. చాలాసార్లు తప్పు యాప్‌ది కాదు. బ్యాటరీ ఆదా పేరుతో ఫోనే వెనక నడుస్తున్న యాప్‌ను ఆపేస్తుంది. ఆండ్రాయిడ్ 6తో 2015లో వచ్చిన డోజ్ నుంచి ఈ ధోరణి ఉంది, కొన్ని కంపెనీల ఫోన్లు ఇంకా కఠినంగా ఆపేస్తాయి. సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కు బ్యాటరీ ఆంక్షలు తీసేయండి.

చెమట, వాన సంగతి ఐపీ రేటింగ్ చెబుతుంది. ఐపీ67లో 6 దుమ్ముకు, 7 నీటికి. మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా తట్టుకుంటుందని అర్థం.

పరుగు దారి కూడా వ్యక్తిగత సమాచారమే

స్ట్రావా అనే యాప్ తన వాడకందారుల దారులన్నీ కలిపి వేసిన ప్రపంచ పటంలో రహస్య సైనిక స్థావరాల చుట్టూ జవాన్లు పరిగెత్తిన గీతలు వెలుగుతూ కనిపించాయి. 2018 జనవరిలో ఇది బయటపడింది. రేపు యూనిఫాం వేసుకోబోయేవాళ్లు ఈ ఉదంతాన్ని పరీక్ష కోసమే కాదు, తమ కోసమూ చదవాలి. దీనికి జోడించి చదవాల్సినవి రెండున్నాయి. గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో ఇచ్చిన తీర్పు ఒకటి. రెండోది డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం-2023. యాప్‌లో మీ పరుగు ‘అందరికీ’ కనిపించేలా ఉంటే ఈరోజే మార్చండి.

కొన్నాక గ్రౌండ్‌లో పరీక్ష

తెలంగాణ పోలీసు నియామకాల 2022 నోటిఫికేషన్‌లో పురుషులకు 1600 మీటర్ల గడువు 7 నిమిషాల 15 సెకన్లు. అంటే 435 సెకన్లు. మీరు 1550 మీటర్లే పరిగెత్తినప్పుడు యాప్ 1600 పూర్తయిందని చెబితే తేడా మూడు శాతమే. కానీ ఆ 50 మీటర్లకు అదే వేగంతో దాదాపు 14 సెకన్లు కావాలి. ఏడు నిమిషాల అయిదు సెకన్లకే పూర్తిచేశానని ధీమాగా వెళ్లిన కుర్రాడు అసలు రోజున నాలుగు సెకన్ల తేడాతో ఇంటికి వస్తాడు. నెలల కష్టం అలా పోకూడదు.

కొలత తెలిసిన 400 మీటర్ల ట్రాక్‌కు వెళ్లండి. యాప్ తెరిచి ఆరుబయట ఒక నిమిషం ఆగి, ఫోన్‌ను నడుముకు కట్టుకుని మొదటి లేన్‌లో నాలుగు చుట్లు తిరగండి. రెండో లేన్‌లోకి జరిగితే చుట్టుకు సుమారు 7 మీటర్లు పెరుగుతుంది, నాలుగు చుట్లకు 28. ఇలా మూడు రోజులు చేసి యాప్ అంకెలు రాసుకోండి. మూడుసార్లూ 1625 దగ్గరే చూపితే అది క్రమ దోషం, తీసేసి లెక్కేసుకోవచ్చు. ఒకరోజు 1560, ఇంకోరోజు 1650 అయితే యాదృచ్ఛిక దోషం, ఆ ఫోన్‌తో సమయం చూసుకోవద్దు. ఇంటర్ ఫిజిక్స్‌లో ప్రమాణాలు-కొలతల పాఠం చెప్పింది ఇదే. ఈ మూడు రోజుల పరీక్ష ఫోన్ వాపసు ఇచ్చే గడువు దాటకముందే పూర్తిచేయండి.