ఆక్సిజన్ తక్కువైతే?

మనం ఊరికే పీల్చుకునే ఆక్సిజన్‌కు 2021లో, కరోనా రెండోసారి వచ్చినప్పుడు, ఆసుపత్రుల్లో కరువొచ్చింది.

ఆక్సిజన్‌ను మైనస్ 183 డిగ్రీలకు చల్లబరిస్తే ద్రవమవుతుంది. ఒక లీటరు ద్రవం సుమారు 860 లీటర్ల వాయువు అవుతుంది. అందుకే ట్యాంకర్లలో ద్రవంగా తెస్తరు. ఏప్రిల్ 23న హైదరాబాదు బేగంపేట నుంచి ఖాళీ ట్యాంకర్లను సైనిక విమానంలో ఒడిశాకు పంపిండ్రు.

ఖాళీవి విమానంలో ఎందుకని సారును అడిగిన. నింపినవి విమానంలో తేవడం ప్రమాదమట, నేల మీదనే రావాలె. పోయేటప్పుడన్న మూడు రోజులు మిగిలినయి. ఊపిరి అందని మనిషికి మూడు గంటలే ఎక్కువ!

ఆక్సీమీటరులో 94 కంటే తగ్గితే బోర్లా పడుకుంటే ఊపిరి కొంత మేలని అప్పుడు కేంద్ర ఆరోగ్యశాఖ చెప్పింది. అట్లని ఆసుపత్రికి పోవుడు ఆపొద్దు. సెలవులకు పోయినప్పుడు, మీ గూడెం ఆశా అక్క దగ్గర ఆక్సీమీటరు ఉన్నదా, పని చేస్తున్నదా, అడిగి రండి.