గీతలు లేని వాతావరణ పటం మీద ఫ్రంట్‌ను మనమే గీద్దాం

టెక్సస్‌లోనో ఇల్లినాయ్‌లోనో ఉంటున్న మనవాళ్ళు చలికాలంలో ఫోన్ చేసి ‘రేపు కోల్డ్ ఫ్రంట్ వస్తోందట’ అంటుంటారు. పటం మీద నీలిరంగు త్రిభుజాలు కుట్టినట్టున్న గీతే ఆ ఫ్రంట్. చల్లగాలి వచ్చి వెచ్చగాలిని తోసేసే హద్దు అది. ఆ గీతను ఊహించి గీయరు, అంకెల్లోంచి వెలికి తీస్తారు. మనమూ అలాగే తీద్దాం.

అభ్యాసానికి అమెరికా మధ్య మైదానాల పటమే మంచిది. బంగాళాఖాతం తుపానుతో మొదలుపెట్టకండి. దాని చుట్టూ ఉన్నదంతా వెచ్చని తేమగాలే కాబట్టి అందులో ఇలాంటి ఫ్రంట్ దొరకదు.

కావలసినవి

- ఊళ్ళవారీ పరిశీలనలు మాత్రమే ఉన్న ఉపరితల పటం. డిసెంబరు నుంచి మార్చి లోపుది తీసుకుని, వీలైనంత పెద్ద కాగితం మీద ముద్రించుకుందాం.
- అదే ప్రాంతానికి ఆరు గంటల తర్వాతి పటం. దీన్ని ఇప్పుడే చూడొద్దు, బోర్లించి పెట్టండి.
- మామూలు పెన్సిల్, మెత్తని రబ్బరు. నీలం, ఎరుపు, ఊదా రంగు పెన్సిళ్ళు. పెన్ను వద్దు, చాలాసార్లు చెరపాల్సి వస్తుంది.

పద్ధతి

1. ముందు ఒక్క ఊరిని చదువుదాం. చిన్న వృత్తానికి ఎడమవైపు పైన ఉష్ణోగ్రత, కింద డ్యూపాయింట్ (గాలిలోని తేమ నీటిబిందువులుగా మారే ఉష్ణోగ్రత) ఉంటాయి. అమెరికా పటాల్లో రెండూ ఫారెన్‌హీట్‌లోనే. కుడివైపు పైన మూడంకెల పీడనం. 147 అని ఉంటే 1014.7 మిల్లీబార్లు, 987 అని ఉంటే 998.7. మొదటి అంకె చిన్నదైతే ముందు 10, పెద్దదైతే 9 చేర్చుకోవాలి. వృత్తం నుంచి బయటికి సాగిన పుల్ల గాలి ఎటునుంచి వస్తోందో చెబుతుంది. దాని మీద పొడవు గీత 10 నాట్ల వేగం, పొట్టి గీత 5.

2. సమభార రేఖలు, అంటే ఒకే పీడనం ఉన్న చోట్లను కలిపే గీతలు గీద్దాం. 1000, 1004, 1008 ఇలా నాలుగేసి మిల్లీబార్లకు ఒకటి చాలు. ఊళ్ళు దట్టంగా ఉన్నచోట మొదలుపెట్టండి. ఒక ఊళ్ళో 1010, పక్క ఊళ్ళో 1014 ఉంటే 1012 రేఖ వాటి నడుమన పోతుంది. ఏ రెండు రేఖలూ ఒకదాన్నొకటి దాటకూడదు. ప్రతి రేఖా చుట్టు తిరిగి మూసుకోవాలి, లేదా పటం అంచు దాటిపోవాలి.

3. గాలితో సరిచూద్దాం. గాలికి వీపు పెట్టి నిలబడితే ఉత్తరార్ధగోళంలో అల్పపీడనం ఎడమచేతివైపు ఉంటుంది. డచ్ శాస్త్రవేత్త బైస్ బాలట్ 1857లో ప్రకటించిన సూత్రమిది. మన రేఖలు దీనికి అడ్డం తిరిగితే పీడనం తప్పు చదివామేమో చూసుకోవాలి.

4. ఇప్పుడు ఫ్రంట్‌ను వెతుకుదాం. ఇక్కడ తొందరపడకండి. పందొమ్మిదో శతాబ్దపు పటాలు దాదాపు మూడో మెట్టు దగ్గరే ఆగిపోయాయి. అల్పపీడనం ఎక్కడుందో తెలిసేది గానీ, వాన సన్నని పట్టీగా ఎందుకు పడుతుందో తెలిసేది కాదు. వాతావరణ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ బ్యెర్క్‌నెస్ 1917లో లైప్‌జిగ్ వదిలి నార్వేలోని బెర్గెన్‌కు వచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధం వల్ల విదేశాల నుంచి వాతావరణ సమాచారం అందడం లేదు. రైతులకేమో సూచనలు కావాలి. అందుకని 1918లో పశ్చిమ నార్వేలో పరిశీలన కేంద్రాలను బాగా పెంచారు. చుక్కలు దగ్గరపడ్డాక, గాలులు కలుసుకునే గీతలు పటం మీద బయటపడ్డాయి. ఆయన కొడుకు జాకబ్ 1919లో ప్రచురించిన చిన్న వ్యాసం ఫ్రంట్ల సిద్ధాంతానికి పునాది. ఎంత తెలివైన కన్నుకైనా చుక్కలు చాలినన్ని లేకపోతే ఫ్రంట్ కనబడదని నా గట్టి నమ్మకం.

 మనం వెతకాల్సిన గుర్తులు నాలుగు: ఉష్ణోగ్రత చప్పున పడిపోవడం, డ్యూపాయింట్ తగ్గడం, గాలి నైరుతి నుంచి వాయవ్యానికి మారడం, ముందువైపు ఊళ్ళలో పీడనం తగ్గుతూ వెనుకవైపు పెరగడం. కనీసం మూడు కలిసినచోట లేతగా చుక్క పెట్టండి.

5. చుక్కలు కలుపుదాం. గీత పడాల్సింది ఉష్ణోగ్రత మారే పట్టీ మధ్యలో కాదు, దాని వెచ్చని అంచున. అక్కడ సమభార రేఖలు మెత్తగా వంగవు, మడత పడతాయి; మడత మొన అధిక పీడనంవైపు ఉంటుంది. రేఖలను చెరిపి అలా దిద్దుకోండి. తర్వాత నీలి త్రిభుజాలు, చల్లగాలి కదిలే దిక్కుకు. అల్పపీడనానికి తూర్పున వెచ్చగాలి చల్లగాలి మీదికి ఎక్కుతుంటే అది వెచ్చని ఫ్రంట్, దానికి ఎర్ర అర్ధవృత్తాలు. కోల్డ్ ఫ్రంట్ వెచ్చని ఫ్రంట్‌ను అందుకుని వెచ్చగాలిని నేల నుంచి పైకెత్తేస్తే ఊదారంగు. ఇలా అందుకోవడాన్ని 1919లో బెర్గెన్‌లోనే శాస్త్రవేత్త టోర్ బెర్గెరాన్ గుర్తించారు.

6. బోర్లించిన పటం తీద్దాం. దాన్నీ ఇలాగే గీసి చూస్తే, ఫ్రంట్ చల్లగాలి వీచే దిక్కుకు జరిగి ఉండాలి. వెనక్కి జరిగినా, మాయమైనా మొదటి పటానికి తిరిగి వెళ్ళాలి.

తరచూ జరిగే పొరపాట్లు

- ఉష్ణోగ్రత ఒక్కదాన్నే నమ్మడం. మబ్బు కమ్మిన ఊరు, సరస్సు ఒడ్డున ఉన్న ఊరు, ఎత్తు మీది ఊరు ఊరికే చల్లగా ఉంటాయి. రాకీ పర్వతాల భాగాన్ని మొదటి పటాల్లో వదిలేయడమే మేలు.
- గాలి పుల్లను తిరగేసి చదవడం. ఇదొక్కటి తప్పితే పటమంతా తప్పుతుంది.
- వాన పడ్డ ప్రతిచోటా ఫ్రంట్ గీయడం.
- అధికారిక పటాన్ని ముందే చూసేయడం. మనది పూర్తయ్యాకే పక్కన పెట్టుకోవాలి. గీతలు అక్కడక్కడా తేడాగా ఉంటే కంగారు పడొద్దు, అనుభవజ్ఞుల గీతలు కూడా అన్నిచోట్లా కలవవు. తేడా ఉన్నచోట ఏ ఊరి అంకెను వాళ్ళు లెక్కలోకి తీసుకున్నారో, మనమేది వదిలేశామో వెతకండి.