కిట్ కార్సన్: బొమ్మలలోని వీరుడు

హైదరాబాదు నగరమున ఉస్మానియా విశ్వవిద్యాలయము ప్రక్కనే తార్నాక యను పేట కలదు. 'తార్' అనగా తీగ. 'నాకా' అనగా కాపలా ఠాణా. పూర్వము తీగకంచె యొద్ద కాపలా యుండుటచే ఆ చోటికి ఈ పేరు వచ్చెనని చెప్పుదురు. పేరులోనే పొలిమేరను దాచుకొన్న ఈ పేటకు చేరువగా, విశ్వవిద్యాలయ ఆవరణములో, దూరదేశపు పొలిమేరల చరిత్రను తెలుపు గ్రంథములు సమకూరినవి. 1964లో అచట 'అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్' అను సంస్థ వెలసెను. అమెరికా చరిత్ర సాహిత్యములను పరిశోధించువారు దేశము నలుమూలల నుండి వచ్చి దాని గ్రంథాలయములో చదువుకొనిరి. తరువాతి కాలమున ఆ సంస్థ పేరు మారినది.

అమెరికా పొలిమేర యనగా నేమి? తూర్పు తీరమున స్థిరపడిన యూరోపియనుల సంతతివారు భూములకై, బంగారమునకై పడమటికి సాగిపోయిరి. వారితోపాటు వారి సరిహద్దును కదలుచు వచ్చెను. అట్టి సరిహద్దు ఇక లేదని 1890 జనాభా లెక్కల పిమ్మట అధికారులు తెలిపిరి. సరిహద్దు పోయినను దాని కథలు పోలేదు. 1860 నుండి పది సెంట్ల వెలగల నవలలుగను, పిమ్మట చలనచిత్రములుగను, 1950 ప్రాంతమున రంగుల బొమ్మల పుస్తకములుగను అవి లోకమంతట వ్యాపించెను. అట్టి బొమ్మల కథలకు నాయకులైన వారిలో కిట్ కార్సన్ ఒకడు.

ఇతడు కల్పిత పాత్ర కాడు. 1809లో కెంటకీ రాష్ట్రమున జన్మించెను. బాల్యమున జీనులు కుట్టువాని యొద్ద పనికి కుదిరి, 1826లో పారిపోయెను. వానిని పట్టి తెచ్చినవారికి ఒక్క సెంటు బహుమానమిత్తునని యజమాని ప్రకటించెను! కార్సన్ కొండలలో జంతువులను వేటాడి, ఆదివాసుల భాషలు పెక్కు నేర్చి, పేరుపొందిన మార్గదర్శి యయ్యెను. కాని అతనికి చదువు రాదు.

1849లో ఆపాచీ తెగవారు ఒక బాటసారుల బృందముపై బడి, శ్రీమతి వైట్ అను ఆమెను బందీగా గొనిపోయిరి. కార్సన్ జాడలు పట్టి సైనికులను వారి విడిది కడకు చేర్చెను. వెంటనే పైబడవలెనని అతని తలంపు. కాని అధికారి సంప్రదింపులు జరుపదలచి సైన్యమును నిలిపెను. ఆ ఆలస్యములో ఆపాచీలు చెదరిపోయిరి. బాణము తగిలి మరణించిన ఆమె దేహము మాత్రము దొరకెను. ఆ విడిదిలో ఒక పుస్తకము కనబడెను. అందు కిట్ కార్సన్ శత్రువులను వందలుగ సంహరించిన మహావీరుడు! తోడివారు అందున్నది చెప్పగా కార్సన్ విని, ఆమె దానిని చదివి తనకై ప్రార్థించి యుండునని తలచి దుఃఖించెను. కథలోని కార్సన్ ఎప్పుడును ఆలస్యము చేయడు. నిజమైన కార్సన్ సమయమునకు చేరలేకపోయెను.

బొమ్మల పుస్తకములు చెప్పని కథ మరియొకటి కలదు. 1863-64లో ప్రభుత్వాజ్ఞపై కార్సన్ నవాహో తెగపై దండెత్తెను. సైనికులు వారి పైరులను తగులబెట్టిరి, గొఱ్ఱెలను పట్టుకొనిరి, పండ్లతోటలను నరికిరి. ఆకలికి తాళలేక నవాహోలు వేలకొలది లొంగిపోయిరి. చలిలో వందల మైళ్లు నడిపింపబడి, పరాయి చోట నిర్బంధములో పెక్కుమంది మరణించిరి. 1868లో ఒడంబడిక జరిగిన పిదపనే మిగిలినవారు స్వదేశమునకు మరలిరి. కార్సన్ కూడ ఆ యేటనే మరణించెను.

బొమ్మల కథలలో ఆదివాసికి తరచుగా పేరుండదు, ఇల్లుండదు, పొలముండదు. అతడు కేకవేయుచు వచ్చి తుపాకి దెబ్బకు కూలును. నిజమునకు ఆ నేల అతనిది. నరికిన చెట్లు అతని తాతలు నాటినవి. ఒక్క కార్సనులోనే ధైర్యమును గలదు, జాలియు గలదు, క్రౌర్యమును గలదు. బొమ్మలో ఇవన్నియు ఇముడవు.

విద్యార్థులారా, బొమ్మల పుస్తకములు చదువుట తప్పు కాదు. అవి చదువుటలో ఆనందము కలదు. దూరదేశములను చూడవలెనను కోరికను అవి కలిగించును. అయితే పుట త్రిప్పునపుడు ఒక ప్రశ్న వేసికొనుడు: ఈ బొమ్మలో క్రింద పడినవాడు ఎవడు? వాని ఊరు ఏది? దానికి జవాబు బొమ్మల పుస్తకములో దొరకకున్న, గ్రంథాలయములో వెదకుడు.