వెనుకవరుస వీరుడు

గౌతమీతీరమందలి ముక్తేశ్వరమున బాలురు ఫుట్‌బాలు ఆడునపుడు, ప్రతివాడును గోలు కొట్టగోరును. వెనుక నిలిచి కాపాడుటకు ఇష్టపడువారు అరుదు. కాని వెనుకవరుసలో ఆడియే హైదరాబాదు వాసియైన సయ్యద్ నయీముద్దీన్ దేశఖ్యాతి గడించెను. 1944లో జన్మించిన ఈయన హైదరాబాదు సిటీ పోలీసు జట్టులో రాణించి, పిదప కలకత్తాలోని ఈస్టు బెంగాలు జట్టున చేరెను.

1970లో బాంకాకున జరిగిన ఆసియా క్రీడలలో ఈయన భారత జట్టునకు నాయకుడయ్యెను. మూడవ స్థానమునకై జరిగిన పోటీలో మనవారు జపానును 1-0 తేడాతో ఓడించి కాంస్యపతకము పొందిరి. ఆధిక్యము ఒక్క గోలే! వెనుకవరుస ఒక్కసారి ఏమరినను అది చేజారెడిది.

ఆటగానిగా ఈయనకు అర్జున పురస్కారమును, శిక్షకునిగా 1990లో ద్రోణాచార్య పురస్కారమును లభించినవి.

విద్యార్థులారా! గోలు కొట్టినవానిని అందరును పొగడుదురు. గోలు పడనీయనివాని శ్రమను గుర్తించినవాడే ఆట మర్మమెరిగినవాడు.