దినదినము నడచు దారిని ఫోటో తీయుట

మన యిండ్ల గోడలమీదనున్న పటములను ఒకసారి చూడుడి. పెండ్లి ఫోటో, బాప్తిస్మపు ఫోటో, పండుగనాడు మందిరము ముందు సంఘమంతయు నిలిచి తీయించుకొనిన ఫోటో కనబడును. అవి ఉండవలసినవే. అయితే మన తండ్రులు ముప్పది యేండ్లు నడచిన చేనిగట్టు ఫోటో మనలో ఎందరికి ఉన్నది? మన తల్లులు నీళ్లు తోడిన బావి ఏ పటములో ఉన్నది? బావి పూడిపోయిన తరువాత వెదకిన లాభమేమి? సెల్‌ఫోను ఇప్పుడు చాల యిండ్లలో ఉన్నది గనుక ఈ నెల పాఠమునకు ఈ సంగతినే తీసికొంటిమి.

ఫోటో అనునది మొదటినుండి సామాన్యమైన చోటులనే పట్టుకొన్నది. ఫ్రాన్సు దేశస్థుడైన నీసెఫోర్ నియెప్స్ 1826 లేక 1827లో తన యింటి మేడ కిటికీనుండి కనబడు కప్పులను, గోడలను ఒక లోహపు పలకమీద నిలిపెను. కెమెరాతో తీయబడి నేటికిని నిలిచియున్న చిత్రములలో అదే మొదటిదని చెప్పుదురు. 1838లో లూయీ డాగేర్ పారిసు పట్టణములో ఒక పెద్ద వీధిని మేడ కిటికీనుండి తీసెను. అది బండ్లు, గుఱ్ఱములు, జనులు తిరుగు వీధి. అయినను చిత్రములో అది శూన్యముగా కనబడును. ఎట్లనగా ఆ దినములలో పలకమీద బొమ్మ తేరుటకు కొన్ని నిమిషములు పట్టెడిది. అంతసేపు కదలుచుండినదేదియు దానిమీద నిలువలేదు. ఒక మూలను ఒక మనుష్యుడు కాలు ఎత్తిపెట్టి బూట్లు తుడిపించుకొనుచు నిలిచియుండెను గనుక అతడు మిగిలెను. అతని ముందు వంగి పనిచేయువాడును, కొంచెము మసకగానైనను, మిగిలెను. ఆనాడు బండ్లమీద ఆ వీధిని దాటిపోయిన దొరలు ఎందరో! వారిలో ఒక్కరును పలకమీద లేరు. బూట్లు తుడుచువాడు ఉన్నాడు.

ఇక పనికి పోవు ప్రయాణమును గూర్చి చూతము. అమెరికాలో వాకర్ ఇవాన్స్ అను ఫోటోగ్రాఫరు 1938 మొదలు 1941 వరకు న్యూయార్కు నగరపు భూగర్భ రైళ్లలో తిరిగెను. కోటు లోపల చిన్న కెమెరా దాచి, గుండీల సందున దాని కన్ను మాత్రము బయటికి పెట్టి, ఎదుటి బల్లమీద కూర్చున్నవారిని తీసెను. కెమెరా మీటకు కట్టిన తీగ కోటు చేతిలోగుండ అతని అరచేతికి వచ్చెడిది. టోపీలు పెట్టుకొన్నవారు, పత్రిక చదువుకొనువారు, అలసి శూన్యములోనికి చూచువారు. తమ్మును ఒకరు చూచుచున్నారని యెరుగని ముఖములవి. ఆ చిత్రములలో 89 ఏరి 1966లో పుస్తకముగా వేసిరి. దాని పేరు మెనీ ఆర్ కాల్డ్. ఆ పేరు మత్తయి సువార్త 22వ అధ్యాయములో పెండ్లివిందు ఉపమానపు చివరి వచనమునుండి వచ్చినది. దారిలో కనబడినవారినందరిని విందుకు పిలిచిన ఉపమానము గదా! రైలుబల్లమీద కూలివాడును గుమాస్తాయు ప్రక్కప్రక్కను కూర్చున్న పుస్తకమునకు ఆ పేరు తగినదే.

చిత్రములు గొప్పవే. దాచి తీయుట మాత్రము మన గ్రామములలో మనకు తగదని మా అభిప్రాయము. అంత పెద్ద నగరములో ఎదుటివాడెవడో ఎవరికిని తెలియదు. మన ఊరిలో ప్రతి ముఖమును అందరును ఎరుగుదురు. ఇవాన్స్ తన చిత్రములను పుస్తకముగా బయట పెట్టుటకు ఇరువదియైదేండ్లు పట్టినది. మనము ప్రొద్దున తీసినది మధ్యాహ్నము కాకమునుపే వాట్సాపులో నలువది ఫోనులకు చేరును. కావున నాటుకు పోవు స్త్రీలను ఆటోలో తీయగోరినయెడల ముందుగా అడుగవలెను. “అక్కా, ఫోటో తియ్యనా?” అని అడిగినంతమాత్రమున నోరు అరిగిపోదు. అడిగినచో వారు బిగుసుకొని కూర్చుందురు, నిజమే. కొంతసేపు ఫోను దించి మాటలాడుడి. వారు తమ మాటలలో పడి నవ్వుకొనునప్పుడు తీయుడి. వద్దన్నవారిని విడిచిపెట్టుడి. బియ్యపు సంచి చేతికిచ్చుచు విధవరాలిని కెమెరావైపు తిరుగుమని చెప్పు అలవాటు కొన్ని చోట్ల కనబడుచున్నది. ధర్మము రహస్యముగా చేయుటను గూర్చి ప్రభువు కొండమీద ఏమి బోధించెనో మత్తయి 6వ అధ్యాయము తెరచి చూచుకొనుడి. అంతకు మించి మేము చెప్పనక్కరలేదు.

తీయు విధమును గూర్చి కొద్ది మాటలు. జేబులోని చెమట, దుమ్ము ఫోను అద్దమును మసకచేయును. మెత్తని బట్టతో తుడువవలెను. ఉదయము, సాయంకాలము ఎండ ఏటవాలుగా పడునప్పుడు దారిలోని గుంటయు, చేతిమీది ముడుతయు తేటగా కనబడును. నడిమధ్యాహ్నమున కండ్లక్రింద నల్లని నీడలు పడును. బస్సు కదలుచున్నప్పుడు తీసిన బొమ్మ చెదరును గనుక ఆగినప్పుడు తీయుట మంచిది. ఒకే చోట నిలిచి, ఒకే చేనిని దుక్కినాడు, నాటునాడు, కోతనాడు తీసి ప్రక్కప్రక్కను పెట్టి చూడుడి. ప్రతిదినము చూచుచున్నదే అయినను చూడనివి ఎన్నో అప్పుడు తెలియును.

ఫోను నీళ్లలో పడినయెడల అందులోని బొమ్మలన్నియు పోవచ్చును. సంవత్సరమునకు నాలుగైదింటినైనను అచ్చు వేయించి, వెనుక తేదీని, చోటును, అందులోనివారి పేర్లను పెన్సిలుతో వ్రాయుడి. రెండేసి ప్రతులు వేయించి, ఒకటి అందులో కనబడువారి యింటికి తీసికొనిపోయి ఇయ్యుడి.